161 కనిపించిందని పీఎస్/2ని పక్కన పడేయకండి

ఐబీఎం పీఎస్/2 మోడల్ 50 అనే పాత కంప్యూటర్ ఈ రోజుల్లో చేతికొస్తే, స్విచ్ వేయగానే తెర మీద 161, 163 అని అంకెలు కనబడటం మామూలే. నా దాంట్లో కనబడినప్పుడు మదర్‌బోర్డు పోయిందేమోనని టెన్షన్ పడి రెండు వారాలు దాని జోలికే వెళ్లలేదు. తీరా చూస్తే 161 అంటే బ్యాటరీ అయిపోయిందని, 163 అంటే తేదీ, టైము పోయాయని. అంతే.

1987 ఏప్రిల్‌లో ఆఫీసుల కోసం వచ్చిన మెషీన్ ఇది. 10 మెగాహెర్ట్జ్ 286 ప్రాసెసర్, 1 ఎంబీ ర్యామ్, 20 ఎంబీ హార్డ్‌డిస్క్. ఏ కార్డు ఎక్కడుందో, ఏ డిస్క్ తగిలించామో అంతా బ్యాటరీ మీద బతికే చిన్న మెమరీలో రాసుకుంటుంది. బ్యాటరీ పోతే ఆ లెక్కంతా పోతుంది.

ప్లగ్ పీకి, తాళం తీసి, వెనక ఉన్న రెండు స్క్రూలు చేత్తోనే తిప్పి కవర్ తీయండి. స్పీకర్ దగ్గరే బ్యాటరీ ఉంటుంది. ఫిల్మ్ కెమెరాల్లో వాడే 6 వోల్టుల సీఆర్-పీ2 లిథియం బ్యాటరీ సరిపోతుంది.

ఇక్కడే తొందరపడకండి. ముందు ఫ్లాపీ డ్రైవ్ బయటికి లాగండి, దీనికి కేబుల్ ఉండదు, నేరుగా కనెక్టర్‌లోకి దిగుతుంది. ఆ డ్రైవ్ బోర్డు మీది బుల్లి కెపాసిటర్ల దగ్గర ముక్కు పెట్టి చూడండి. చేపల వాసన వస్తే అవి కారాయన్నమాట. నా దాంట్లో వాటి కాళ్ల దగ్గర టంకం మెరుపు పోయి బూడిదరంగుకి తిరిగింది. అలాంటివి మార్చి, ఆ చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే డ్రైవ్ పెట్టండి. డ్రైవ్ చదవకపోతే తర్వాతి పని సాగదు.

పోయిన ఆ లెక్కంతా మళ్లీ రాయించే పని రిఫరెన్స్ డిస్క్‌ది, అంటే ఈ మెషీన్ సెటప్ ఫ్లాపీది. మోడల్ 50కీ మోడల్ 60కీ ఒకటే డిస్క్. అసలుది వాడకుండా కాపీ తీసుకుని, దాంతోనే బూట్ చేయండి. కొత్త కార్డు పెడితే దాని ఫైలు కూడా ఆ కాపీలోకే చేరాలి. ఆటోమేటిక్‌గా కాన్ఫిగర్ చేయమంటారా అని అడిగితే వై నొక్కండి. తేదీ, టైము పెట్టి రీస్టార్ట్ చేయండి.

హార్డ్‌డిస్క్ నుంచి బూట్ అయి తెర మీద సీ ప్రాంప్ట్ (C:\>) వచ్చిందా, ఇంకేదీ ముట్టుకోకుండా ముందు ఫైళ్లు ఫ్లాపీల్లోకి దించండి. నా దాంట్లో ఎవరో 1991లో టైపు చేసుకున్న ఉత్తరాలున్నాయి. ఆ రాత్రే కూర్చుని అన్నీ దించాను. నాలుగో రోజుకి ఆ ముసలి డిస్క్ తిరగడం మానేసింది.