గ్రూపులో ఒక్కరే లెక్క చేస్తున్నారా? ముందు ప్రశ్న కాగితం చూడండి

లక్షణం: ముందు సమస్య ఇచ్చి, గ్రూపు చర్చతోనే పాఠం నేర్పే పద్ధతి (ప్రాబ్లమ్-బేస్డ్ లెర్నింగ్) మొదలుపెట్టారు. ఆరుగురు విద్యార్థులను బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఫైనాన్స్ సమస్య ఇచ్చారు. పావుగంటలో ఒకరు క్యాలిక్యులేటర్ నొక్కేశారు, ఇద్దరు కాపీ చేసుకున్నారు, మిగతావాళ్లు ఫోన్లు తీశారు.

బరంపురంలో ఈ సంగతి ఎత్తితే వెంటనే వచ్చే మాట, "మన పిల్లలకు ఇంగ్లిష్ రాదండీ, అందుకే నోరు విప్పరు" అని. అదే పిల్లలు టీ దగ్గర తెలుగూ ఒడియా కలిపి చీటీ పాట మీద ఎంత గట్టిగా వాదించుకుంటారో వినండి. చర్చ వాళ్ల భాషలో సాగనిచ్చి, రిపోర్టు ఒక్కటే ఇంగ్లిష్‌లో అడగండి.

అందరూ వదిలేసే చెక్ ఇది: ముందురోజు ఆ కాగితం పక్క సెక్షన్‌లో ఒక్క విద్యార్థికి ఇవ్వండి. ఇరవై నిమిషాల్లో ముగిస్తే అది గ్రూపు సమస్య కాదు. పుస్తకంలో లెక్కకే కథ తొడిగారు.

నేనూ దీని దగ్గరే దెబ్బతిన్నాను. మా గంజాం జిల్లాలో మొగలి పూల అత్తరు తీసే బట్టీ తీసుకుని, కొత్త రాగి డేగిసాకు (పూలు మరిగించే పెద్ద పాత్ర) 6 లక్షల పెట్టుబడి, ఐదేళ్లపాటు ఏటా 1.8 లక్షల రాబడి, డిస్కౌంట్ రేటు (రేపటి రాబడిని నేటి విలువకు తగ్గించే వడ్డీ రేటు) 12 శాతం అని ఊహించి రాశాను. మన ఊరి కథే కదా, బాగా పండుతుందనుకున్నాను. నికర ప్రస్తుత విలువ (రాబడుల నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే వచ్చేది) సుమారు 49 వేలు మిగులు, కొనవచ్చు, అయిపోయింది. వాదించడానికి నేనేం మిగిల్చాను గనక!

ఈ బోధనా పద్ధతి 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య విద్యలో మొదలైంది. అక్కడ రోగి జబ్బు పేరు చెప్పుకుంటూ రాడు. నా బట్టీ యజమాని మాత్రం వడ్డీ రేటు చేతిలో పట్టుకుని వచ్చాడు.

మరుసటి ఏడాది ఆ రేటు కొట్టేశాను. 16 శాతం వేసిన గ్రూపుకి అదే డేగిసా పది వేల పైచిలుకు నష్టం చూపింది, అక్కడ గొడవ మొదలైంది. అప్పు ఎవరిస్తారు? ఫైనాన్షియర్ 'ఫ్లాట్ 12' అంటున్నాడే, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే 12 శాతం వడ్డీ? ఏడాదిలో నెలవారీ కిస్తీలతో తీర్చే అప్పుకి ఫ్లాట్ 12 అంటే, తగ్గే బాకీ మీద 21 శాతం దాటుతుంది. ఇది పిల్లలే లాగి తేల్చారు. పూలు ఎక్కువగా వానాకాలంలోనే వస్తాయి కదా, మిగతా నెలల్లో కిస్తీ ఎలా కడతాడని ఇంకొకమ్మాయి. ఇంట్లోవాళ్ల కూలి ఖర్చులో వేశారా అని మరొకరు.

అలాగని అంకెలన్నీ పీకేయకండి, గంటసేపు ఊహాగానాలే మిగులుతాయి. బట్టీ యజమానికి తెలిసే అంకెలు ఉంచండి: పూల ధర, డేగిసా ఖరీదు, కట్టెల ఖర్చు. అతను అడిగి తెలుసుకోవాల్సినవి తీసేయండి.

ఇక మిగతా కారణాలు అరుదు. గ్రూపులో తొమ్మిదిమంది ఉంటే రెండుగా విడగొట్టండి. మీరే ఎక్కువ మాట్లాడుతుంటే కాసేపు వరండాలోకి వెళ్లండి. మార్కుల గోల అయితే, రిపోర్టు ఎవరు చదివి వినిపించాలో అప్పటికప్పుడు చీటీ తీయండి.