పాత మోడల్ డీజిల్ ఇంజన్లకు మళ్ళీ రంగు: ఒక్కసారికి ఒక్కటే

నేను చేసిన తప్పు చెప్పేసి మొదలుపెడతాను. అమెరికాలో ఉన్న తమ్ముడు పాత సామాన్ల అమ్మకాల్లో కొని పంపిన తొమ్మిది మోడల్ డీజిల్ ఇంజన్లనీ, అంటే పట్టా మీద కరెంటుతో నడిచే చిన్న రైలింజన్ బొమ్మలనీ, ఒకే ఆదివారం విప్పేశాను. అన్నిటికీ ఒకేసారి రంగు తీసేసి, ఒకేసారి వేసేస్తే పని కలిసొస్తుందనుకున్నాను. మూడో వారానికి ఏ స్క్రూ ఏ ఇంజన్‌దో తెలియలేదు. రెండేళ్ళపాటు చెప్పుల పెట్టెల్లో, చొక్కాల్లేకుండా పడున్నాయి పాపం.

మా నాన్న విశాఖ డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేశారు. విజయనగరం నుంచి రోజూ ప్యాసింజరులో వెళ్ళొచ్చేవారు. ఒక పెట్టె తీసి, చక్రం వేలితో తిప్పబోతే అది కదల్లేదు. "రంగు తర్వాత చూద్దుం గానీ, ముందు ఇది కదుల్తాదేటి?" అన్నారు. అప్పటినుంచి నా పద్ధతి అదే. ఒక ఇంజన్ నడిచి, రంగు వేసుకుని, పట్టా మీద నిలబడేదాకా రెండోది విప్పను.

మొదటిదానికి మీ దగ్గర ఉన్నవాటిలో బాగున్నది కాదు, బాగా పాడైనది తీసుకోండి. విప్పే ముందు నాలుగు వైపులా, పైనా కిందా ఫోన్‌లో ఫోటోలు తీయండి. ప్రతి భాగం ఊడదీసినప్పుడల్లా ఇంకొకటి. స్క్రూలకి నేను ఇడ్లీ రేకు వాడతాను. గుంటకి ఒక రకం. ముందు చక్రాల సెట్టువి ఒక గుంటలో, వెనకవి ఇంకో గుంటలో. మా అత్తగారు ఆ రేకుని ఇక వంటింట్లోకి రానివ్వలేదు, కొత్తది కొనుక్కున్నారు. చక్రాల సెట్టు అన్నానుగానీ, రైల్వేవాళ్ళు బోగీ అనేది దాన్నే. మనం ఎక్కి కూర్చునే పెట్టెని కాదు. ఈ సంగతి మీద మా ఇంట్లో ఏళ్ళ తరబడి వాదన.

పాత ఇంజన్ ఆగిపోవడానికి ముఖ్య కారణం ఎండిపోయిన గ్రీజు. ఏళ్ళు గడిస్తే పళ్ళచక్రాల మధ్య మైనంలా గట్టిపడుతుంది. అలాంటిదానికి నేరుగా 12 వోల్టులూ ఇచ్చారంటే మోటారు కాలుతుంది. ముందు చేత్తో తిప్పండి. తిరక్కపోతే పళ్ళచక్రాలు బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో కడగండి. తర్వాత ప్లాస్టిక్‌కి పడే పల్చటి నూనె ఒక్క చుక్క. కుట్టుమిషన్ డబ్బాతో వేస్తే ఒక్క చుక్క అనేది జరగదు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని కాబట్టి నాకు ఇన్సులిన్ సిరంజి తోచింది. సూది చివర చుక్క నిలబడగానే ఇరుసుకి తాకించి తీసేయాలి. నూనె ఎక్కువైతే చక్రాల మీదికి పాకి, పట్టాకి అంటుకుని, ఇంజన్ ఉన్నచోటే తిరుగుతుంది.

నడుస్తున్నప్పుడు చక్రం ఒక్కో చుట్టుకి ఒక్కసారి 'టక్' మంటే ఇరుసు మీద పళ్ళచక్రం చీలిందని అర్థం. చీలిక వెంట్రుకంత ఉంటుంది, భూతద్దంతో చూస్తేగానీ కనబడదు. జిగురు పెట్టకండి. ఆ జాతి ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు, రెండు రోజుల్లో మళ్ళీ అదే శబ్దం. కొత్త పళ్ళచక్రం తెప్పించుకోవాల్సిందే. అది బిగించాక రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. నా మోడళ్ళ సైజైన హెచ్‌ఓ స్కేలుకి దాదాపు 14.4 మి.మీ. ఉండాలి. తగ్గినా పెరిగినా పట్టాలు కలిసే చోట ఇంజన్ పట్టా దిగిపోతుంది.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. హెచ్‌ఓ అంటే అసలుదానిలో 87వ వంతు. మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే పంతొమ్మిది మి.మీ. దాటాలి. ఈ మోడళ్ళ పట్టా 16.5 మాత్రమే, అంటే అమెరికాలో వాడే 1435 మి.మీ. గేజ్‌కి సరిపోయే లెక్క. నాన్న స్కేలు పెట్టి చూసి "ఇది మన బండి కాదమ్మా" అని తేల్చేశారు. నిజమే. కానీ నా తొమ్మిదిట్లో మూడు అమెరికా ఆల్కో కంపెనీ ఆరు ఇరుసుల ఇంజన్ల మోడళ్ళు. మన దేశంలో 1962 నుంచి తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ కూడా ఆల్కో డిజైనే, 2600 హార్స్ పవర్‌ది. బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. ఆ గుర్తు రెండిట్లోనూ ఉంటుంది. నాన్న ఆ ఎడం చూసి మెత్తబడ్డారు. పైభాగం సరిగ్గా మనదానిలా ఉండదు, డ్రైవరుండే క్యాబ్ వేరు, ఇంజన్‌ని కప్పే హుడ్ అంచులు వేరు. దూరంనుంచి పోలిక తెప్పించడం వరకే నా ప్రయత్నం. అచ్చుగుద్దినట్టు కావాలనుకునేవాళ్ళు మన ఇంజన్‌కే చేసిన బాడీ కొనుక్కోవడం మంచిది.

మార్పుల్లో మొదటిది బఫర్లు, అంటే బండ్లు తగిలినప్పుడు దెబ్బ కాసే గుండ్రటి తలలు. అమెరికా ఇంజన్లకి ఉండవు, మనవాటికి ముందూ వెనకా రెండేసి. వాడేసిన బాల్‌పెన్ రీఫిల్‌ని 4 మి.మీ. ముక్కలుగా కోసి, అందులో చదునైన తల ఉన్న చిన్న మేకు దించితే బఫర్ తయారు. మేకు తల గరుకు కాగితంతో కాస్త రుద్దితే గుండ్రంగా మెరుస్తుంది. విరిగిన హ్యాండ్‌రెయిళ్ళకి 0.4 మి.మీ. ఇత్తడి తీగ. ఆ రంధ్రాలు కరెంటు డ్రిల్లుతో వేయకండి, వేడికి ప్లాస్టిక్ కరిగి రంధ్రం సాగుతుంది. వేళ్ళతో తిప్పే చిన్న డ్రిల్లు చాలు. అక్కర్లేని పాత రంధ్రాలు పుట్టీతో పూడ్చి, ఆరాక నీళ్ళ కాగితంతో రుద్దండి.

ఇక పాత రంగు తీయడం. నా దగ్గర ఒక ఇంజన్ క్యాబ్ కిటికీల మూలలు పాకం పట్టిన బెల్లంలా జారి ఉంటాయి. అది నెయిల్ పాలిష్ రిమూవర్ చేసిన పని, చేయించింది నేను. అందులో ఎసిటోన్ ఉంటే రంగుతోపాటు ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుంది. కార్ల పెయింటు థిన్నరూ అంతే. నేనిప్పుడు వాడేది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో బాడీ మునిగేలా పోసి, గంటకొకసారి చూస్తాను. ముందు బాడీ లోపలివైపు ఒక చుక్క వేసి పరీక్షించండి. కొన్ని రంగులు అరగంటలో పొరలుగా లేస్తాయి, కొన్ని రెండు రోజులు మొండికేస్తాయి. లేచినదాన్ని పాత టూత్‌బ్రష్‌తో, మూలల్లో పుల్లతో గీకాలి. ఇనుముతో వద్దు. ఆ డబ్బా మూత తీసినప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి. దగ్గర్లో గ్యాస్ పొయ్యి గానీ దేవుడి దీపం గానీ వెలగకూడదు. ఆ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది.

తర్వాత గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అక్కడినుంచి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. వేలి జిడ్డు ఉన్నచోట రంగు నిలబడదు.

మన దగ్గర అసలు శత్రువు గాలిలో తేమ. విజయనగరానికి సముద్రం ఎంతో దూరం లేదు. వానాకాలంలో రంగు కొడితే ఆరేలోపు మీద పాలపొరలా తెల్లగా కమ్ముతుంది. దసరా తర్వాత వచ్చే మా ఊరి సిరిమానోత్సవం వెళ్ళి, తుపాన్ల భయం తగ్గాకే నేను గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ తీస్తాను. అప్పుడైనా మంచు విడిచిన తర్వాత, ఉదయం పదినుంచి మధ్యాహ్నం రెండులోపే. కంప్రెసర్ గొట్టానికి తేమ పట్టే గిన్నె తప్పనిసరి. అది లేకపోతే రంగు మధ్యలో నీటి చుక్కలు ఉమ్ముతుంది, ఆ మచ్చ పోవాలంటే మళ్ళీ మొదటికి రావాలి. సంక్రాంతి దగ్గర నూర్పిళ్ళ దుమ్ము ఇంకో తంటా. అందుకే రంగు వేయగానే మూత పెట్టడానికి పెద్ద బిస్కెట్ డబ్బా సిద్ధంగా పెట్టుకుంటాను.

హార్డ్‌వేర్ షాపు ఎనామిల్ వాడకండి. గేటుకి బాగుంటుంది గానీ, ఇంత చిన్న బాడీ మీద రివెట్లన్నీ దాని కింద మునిగిపోతాయి. మోడళ్ళకని అమ్మే యాక్రిలిక్ తీసుకుని పాలంత పల్చగా కలపండి. 0.3 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి, జానెడు కంటే కాస్త తక్కువ దూరం. ముందు బూడిదరంగు ప్రైమర్. పసుపు, మీగడ రంగులు వచ్చే చోట దానిమీద తెలుపు. పసుపు కింద తెల్లటి పూత లేకపోతే ఎన్ని పొరలు వేసినా పచ్చకామెర్ల కళే. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ఒక్క దట్టమైన పూత కంటే నాలుగు పల్చటివి నయం. ఇంకోటి, అసలు ఇంజన్ ఎరుపు అలాగే మోడల్‌కి వేస్తే గదిలో నల్లగా కనిపిస్తుంది. చిన్న వస్తువుకి రంగు కొంచెం తేలిక చేయాలి. నేను పది చుక్కల ఎరుపుకి ఒక చుక్క మీగడ రంగు కలుపుతాను.

పట్టీ అంచు పదునుగా రావడం అందరికీ టెన్షన్. దానికొక కిటుకు ఉంది. మీగడ రంగు పట్టీ ఆరాక దానిమీద మాస్కింగ్ టేపు వేసి, గోటితో అంచు నొక్కండి. వెంటనే ఎరుపు కొట్టకండి. ముందు అదే మీగడ రంగు టేపు అంచు మీద ఒక పల్చటి పూత వేయండి. టేపు కింద సందులుంటే వాటిలోకి ఆ రంగే దూరి మూసేస్తుంది, అది కనబడదు. అది ఆరాక ఎరుపు. ఎరుపు పూర్తిగా గట్టిపడకముందే టేపుని పైకి కాకుండా వెనక్కి మడిచి మెల్లగా లాగండి. ఇది తెలియకముందు నా మొదటి పట్టీ అంచు రంపపు పళ్ళలా వచ్చింది.

ఏ షెడ్డు రంగులు ఆ షెడ్డువి. కాబట్టి మీరు ఎంచుకున్న ఇంజన్ ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకోండి, జ్ఞాపకాన్ని నమ్మొద్దు. నంబర్లకి నీళ్ళలో నానబెట్టి జార్చే పల్చటి స్టిక్కర్లు, డెకాల్సే మార్గం. మామూలు ప్రింటరులో తెలుపు రాదు, తెల్ల టోనరు ఉన్నచోట చేయించుకోవాలి. డెకాల్ అంటించే ముందు నిగనిగలాడే వార్నిష్ ఒక పూత, అంటించి ఆరాక మెరుపు తగ్గించే మ్యాట్ పూత. గరుకు రంగు మీద నేరుగా అంటిస్తే అంచుల కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

మాసిన రూపు తేవడం నాకు అన్నిటికంటే ఇష్టం, దాని కోసం కొనాల్సిందేమీ లేదు. పల్లెల్లో అరుగులకి పూసే జేగురుని మెత్తగా నూరి, బట్టలో జల్లించండి. అందులో రంగునిచ్చేది ఇనుము తుప్పులో ఉండే పదార్థమే, కాబట్టి బోగీల మీద అతికినట్టు ఉంటుంది. కొత్తవలస దగ్గర ఇనుప ఖనిజం వ్యాగన్లు పోతుంటే చూసినవాళ్ళకి ఆ రంగు తెలుసు. మెత్తని బ్రష్‌తో కింద ఎక్కువ, పైకి పోనుపోను తక్కువ. పొగగొట్టం చుట్టూ బొగ్గుపొడి. ఇంజన్ నాచ్, అంటే శక్తి పెంచే మెట్టు, పెంచగానే డీజిల్ ముందు పోతుంది, టర్బో వేగం అందుకుని గాలి తోసేసరికి ఆలస్యమవుతుంది. ఆల్కోల నల్లపొగకి కారణం అదే. ఆ పొగ వెనక్కి వాలుతుంది కాబట్టి మసి గొట్టానికి ఒకవైపే సాగాలి. నేను చుట్టూ గుండ్రంగా, బొట్టులా పూస్తే నాన్న తుడిచేయించారు.

చివరగా బాడీ బిగించే ముందు లోపల ఖాళీ ఉంటే సీసం ముక్కలు అంటించండి. చేపల వలకి కట్టే గుళ్ళు సరిపోతాయి. బరువు పెరిగితే చక్రాలు పట్టాని పట్టుకుంటాయి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒక్కో ఇంజన్‌ని విడిగా నడిపించే డిజిటల్ చిప్పు, డీసీసీ డికోడర్, పెట్టే ఆలోచన ఉంటే, పాత మోడళ్ళలో మోటారుకి కరెంటందించే బ్రష్ ఒకటి లోహపు ఫ్రేముకి తగులుతుంటుంది, దాన్ని విడదీయకుండా పెడితే డికోడర్ మొదటి నిమిషంలోనే పోతుంది.

నావి ఇప్పటికి నాలుగు అయ్యాయి. అయిదోది ప్రైమర్ వేసుకుని బిస్కెట్ డబ్బా కింద ఆరుతోంది. కిటికీలు జారిన ఇంజన్‌కి మాత్రం నాన్న రంగు వేయనివ్వలేదు. యాక్సిడెంట్ బండి అని పేరు పెట్టి, పట్టా చివర పక్క లైనులో నిలబెట్టించారు.