అప్‌డేట్ చేశాక ఉబుంటూలో నల్ల స్క్రీన్ వస్తే ఏం చెయ్యాలి

ఉబుంటూ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టారు, లోగో ఒకసారి కనిపించి మాయమైపోయింది, ఆ తర్వాత అంతా నలుపే, ఎడమవైపు పై మూలలో చిన్న గీత ఒకటి మిణుకుమంటోంది. ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లో ఇలా అయితే చాలామంది వెంటనే పెన్‌డ్రైవ్ వెతికి ఓఎస్ మొత్తం మళ్ళీ వేసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. చాలాసార్లు మీ ఫైళ్ళకేమీ అయ్యుండదు, సిస్టమ్ లోపల నడుస్తూనే ఉంటుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే లోడ్ కాక ఆగిపోయి ఉంటుంది.

ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌తో పాటే వస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. ఎన్విడియా డ్రైవర్ బయటి నుంచి వచ్చి చేరేది, కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ కెర్నల్‌కి సరిపోయే మాడ్యూల్ (కెర్నల్‌లోకి లోడయ్యే డ్రైవర్ ముక్క) కావాలి. దాన్ని ముందే తయారుచేసి ఇవ్వని చోట డీకేఎంఎస్ అనే టూల్ మీ మెషీన్‌లోనే కంపైల్ చేస్తుంది. అది ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడమే మన పని.

ముందు లోపలికి వెళ్ళాలి. మెషీన్ ఆన్ కాగానే ఎస్కేప్ కీ నొక్కండి, పాత బయోస్ మెషీనయితే షిఫ్ట్ పట్టుకోండి, గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో బూట్ అవ్వాలో ఎంచుకునేది) వస్తుంది. ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే మెనూ బదులు 'గ్రబ్' అని ఖాళీ లైన్ వస్తుంది, కంగారు పడకుండా 'నార్మల్' అని టైప్ చేసి ఎంటర్ కొట్టి వెంటనే ఒక్కసారి ఎస్కేప్ నొక్కితే చాలు. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, పైదాన్ని వదిలేసి, దానికంటే పాత కెర్నల్ ఎంచుకోండి (రికవరీ అని రాసున్నది కాదు). డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేస్తే, కొత్త కెర్నల్‌తోనే డ్రైవర్‌కి పొసగడం లేదన్నమాట.

పాత కెర్నల్‌తోనూ రాకపోతే అదే మెనూలో ఇంగ్లీష్ 'ఈ' అక్షరం నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైన్ చివర ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10 కొట్టండి. స్క్రీన్ రిజల్యూషన్ తగ్గిపోయినా పని చేసుకోవడానికి వీలవుతుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది, అలాగే ఉండనివ్వండి. దీన్ని గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా పెట్టేసి సమస్య తీరిందనుకునేవాళ్ళున్నారు, కానీ అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు టెర్మినల్ తెరిచి 'డీకేఎంఎస్ స్టేటస్' కొట్టండి. కొత్త కెర్నల్ నంబర్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని లేకపోతే దాదాపుగా హెడర్లు (మాడ్యూల్ కంపైల్ చెయ్యడానికి కావలసిన కెర్నల్ ఫైళ్ళు) లేనట్టే. ఆ కెర్నల్ నంబర్‌కి సరిపోయే 'లినక్స్-హెడర్స్' ప్యాకేజీని ఆప్ట్‌తో (ఉబుంటూలో ప్యాకేజీలు వేసే టూల్) వేస్తే ఆ కెర్నల్‌కి మాడ్యూల్ దానంతటదే తయారవుతుంది. అక్కడే బూట్ పార్టిషన్ నిండిందేమో కూడా 'డీఎఫ్ -హెచ్'తో చూసుకోండి, చోటు లేకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైలు) తయారీ సగంలో ఆగిపోతుంది.

అన్నీ 'ఇన్‌స్టాల్డ్' అనే ఉన్నా డ్రైవర్ రాకపోతే సెక్యూర్ బూట్‌ని (నమ్మిన కీతో సంతకం లేని డ్రైవర్లని లోడ్ కానివ్వని రక్షణ) అనుమానించండి. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో రెండు రోజులు తలపట్టుకున్నది దీని దగ్గరే. చివరికి 'సుడో మాడ్‌ప్రోబ్ ఎన్విడియా' కొడితే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వచ్చింది. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది, పెట్టాడు, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి ఏదో ఒక కీ నొక్కమంటే అర్థంకాక ఊరుకున్నాడు. దానికిచ్చే టైము పది సెకన్లే, ఆ తర్వాత సంతకం తాలూకు కీ నమోదు కాకుండానే బూట్ అయిపోతుంది. 'సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ' కొట్టి మళ్ళీ పాస్‌వర్డ్ పెట్టించాను. ఈసారి నీలం స్క్రీన్ దగ్గర కాచుకుని కూర్చుని ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. అంతే, వచ్చేసింది.

ఇవేవీ కాకపోతే కార్డుకీ డ్రైవర్‌కీ జత కుదరలేదేమో చూడండి. కెప్లర్ కాలం పాత కార్డులకి 470 సిరీస్ డ్రైవరే ఆఖరు, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులకేమో ఓపెన్ కెర్నల్ మాడ్యూలే వెయ్యాలి. 'ఉబుంటూ-డ్రైవర్స్ డివైసెస్' కొడితే మీ కార్డుకి ఏది తగినదో పక్కన 'రికమెండెడ్' అని చూపిస్తుంది, అదే వేసుకోండి. ఎన్విడియా వెబ్‌సైట్ నుంచి రన్ ఫైల్ (ఇన్‌స్టాలర్) దించుకుని ఆప్ట్ డ్రైవర్ మీద వేస్తే మాత్రం రెండూ కలిసి పాడవుతాయి.

ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఆర్‌పీఎం ఫ్యూజన్ (బయటి ప్యాకేజీల భండారం) డ్రైవర్ వాడేవాళ్ళకి ఒక మాట: అక్కడ డీకేఎంఎస్ లాంటి అకేమాడ్స్ వెనకాల నిశ్శబ్దంగా కంపైల్ చేస్తూ ఉంటుంది. అప్‌డేట్ అయిపోయిందని చెప్పినా ఒక ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు రీస్టార్ట్ కొట్టండి.