చెయ్యెత్తితే షర్ట్ లేస్తోందా, బట్ట కింద దారం ఉండ కడుతోందా? ఇంటి కుట్టులో సమస్య - పరిష్కారం

ఇంట్లో కుట్టుకునేటప్పుడు ఏదైనా తేడా కొడితే ముందు చెయ్యి పోయేది దారం బిగువు మార్చే టెన్షన్ డయల్ మీదకే. కాసేపు అటు తిప్పి, కాసేపు ఇటు తిప్పి, చివరికి అసలు సమస్య అలాగే ఉంటుంది, టెన్షన్ కూడా చెడి రెండు తలనొప్పులవుతాయి. కుట్టులో పేచీ ఏంటంటే తేడా కనిపించే చోటు ఒకటి, అది పుట్టే చోటు ఇంకోటి. కింద ముడి పడితే తప్పు పైన ఉంటుంది, చేతి దగ్గర బిగిస్తే తప్పు చంకలో ఉంటుంది. ముందు మిషన్ సంగతులు చూసి, తర్వాత పాత బట్టలు మార్చేటప్పుడు వచ్చేవి చూద్దాం. రెండోవాటికే ఎక్కువ టైమ్ ఇస్తా, ఎందుకంటే మిషన్ ఎలాగోలా దారికొస్తుంది కానీ కత్తెర పడ్డ బట్ట రాదు.

బట్ట కింద దారం గుబురుగా ఉండ కట్టేస్తోంది

కింద కనిపిస్తోంది కాబట్టి అందరూ బాబిన్‌నే (కింద దారం చుట్టి ఉండే చిన్న రీలు) తిడతారు, పాపం దాని తప్పు చాలావరకు ఉండదు. ఫుట్ (బట్టని అదిమి పట్టే పాదం) కిందకి దించి ఉండగా పై దారం ఎక్కిస్తే, దారాన్ని నొక్కి పట్టే టెన్షన్ రేకులు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, పైపైనే జారుతుంది. పట్టి ఉంచేదేమీ లేక ప్రతి కుట్టుకీ వదులు దారం కిందకి వెళ్ళిపోయి అక్కడ పోగవుతుంది.

దారం పూర్తిగా తీసేయండి. ఫుట్ పైకెత్తండి, చక్రం తిప్పి సూదిని పైకి తెచ్చి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి, పైకీ కిందకీ ఆడే లీవర్ రంధ్రంలోంచి దారం వెళ్ళిందో లేదో కళ్ళతో చూడండి. తర్వాత చిన్న పరీక్ష: ఫుట్ ఎత్తి దారం లాగితే సులువుగా రావాలి, ఫుట్ దించి లాగితే గట్టిగా పట్టుకోవాలి, సూది కొంచెం వంగినట్టు కూడా అనిపిస్తుంది. రెండిట్లోనూ తేడా లేదంటే దారం ఇంకా రేకుల్లో పడలేదన్నమాట. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకుని మూడు నాలుగు కుట్లు వేస్తే మొదట్లో వచ్చే ఉండ కూడా రాదు.

మధ్య మధ్యలో కుట్టు వదిలేస్తోంది

సూది. వేరే ఏదీ చూడకముందే సూది మార్చండి. మొద్దుబారిన సూది పైకి మామూలుగానే కనిపిస్తుంది, సుమారు 8 గంటల కుట్టుకి ఒకటి మార్చమంటారు, మనలో ఎంతమంది విరిగేదాకా మార్చరో మనకి తెలుసు. 90/14 అని రాసి ఉంటే 90 అంటే సూది మందం 0.9 మి.మీ. అని. పల్చటి బట్టకి 70/10, మామూలు కాటన్‌కి 80/12 లేదా 90/14, జీన్స్‌కి 100/16. టీషర్ట్ లాంటి సాగే బట్టలకి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి, మామూలు సూది ఆ అల్లికని పొడిచి తెంపుతుంది, కుట్టూ వదిలేస్తుంది. ఈ ఒక్క సూది కొనుక్కుంటే టీషర్ట్ గొడవల్లో సగం తగ్గుతాయి.

కొత్త సూది వేసినా వదిలేస్తుంటే తిప్పి పెట్టారేమో చూడండి. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, కాడ దగ్గర దానికి ఎదురువైపు చదునుగా ఉంటుంది. దారం గాడి ఉన్న వైపు నుంచే కంట్లోకి వెళ్ళాలి. అదీ సరిగ్గా ఉండి, బట్టకి తగ్గ సూదే అయ్యుండి ఇంకా వదిలేస్తోందంటే లోపల సూదితో కలిసి కదిలి పై దారాన్ని పట్టే షటిల్ టైమింగ్ తప్పినట్టు, అది మెకానిక్ పని.

దారం ఊరికే తెగుతోంది

పాత దారం అయితే చేత్తో లాగి చూడండి, పుటుక్కుమంటే పారేయండి. రీలుకి దారం కొస ఇరికించే చిన్న గాటు ఉంటుంది కదా, అక్కడ చిక్కుకుంటోందేమో చూడండి. సూది కన్ను గరుకైనా తెగుతుంది.

కుట్టులో పై దారం కిందా, కింద దారం పైనా కనిపిస్తోంది

ఇదిగో ఇక్కడ నిజంగా టెన్షనే. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంట్ తీసుకున్న లాక్‌స్టిచ్ సూత్రమే మన ఇంటి మిషన్లలో ఇప్పటికీ నడుస్తోంది, పై దారం కింద దారం రెండూ బట్ట మందం మధ్యలో పెనవేసుకోవాలి. పైన ఒక రంగు, బాబిన్‌లో ఇంకో రంగు వేసి, కుట్టబోయే బట్ట ముక్కనే రెండు మడతలు పెట్టి కుట్టి చూడండి. కింద దారం పైకి వస్తే పై టెన్షన్ ఎక్కువైంది, తగ్గించండి. పై దారం కింద చుక్కలుగా కనిపిస్తే పెంచండి. ఒక్కో అంకే మార్చుకుంటూ వెళ్ళండి, 0 నుంచి 9 దాకా ఉండే డయల్ అయితే 4 దగ్గర మొదలుపెడితే చాలు. దాంతో లొంగకపోతేనే బాబిన్ కేస్ మరని (స్క్రూని) చూడాలి: విడిగా ఊడే కేస్ అయితే దారం పట్టుకుని వేలాడదీసి చిన్నగా జర్క్ ఇవ్వండి, కొంచెం దిగి ఆగాలి. జర్రున జారిపోతే వదులు, కదలకపోతే బిగువు. ఆ మర పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దు.

కుట్టు వెంట బట్ట ముడతలు పడుతోంది

పల్చటి పాలిస్టర్, శాటిన్ మీద ఇది మామూలే. సన్న సూది, సన్న దారం, టెన్షన్ కొంచెం తక్కువ, కుట్టు 2 మి.మీ. దగ్గర. బట్ట కింద పల్చటి టిష్యూ పేపర్ పెట్టి కలిపి కుట్టి తర్వాత చింపేస్తే ఇంకా బాగుంటుంది. బట్టని వెనక నుంచి లాగొద్దు, సూది కింద ఉండే పళ్ళు లాక్కునే వేగానికి వదిలేయండి, లాగితే ముడతలే కాదు సూది కూడా వంగి విరుగుతుంది.

జీన్స్ మందం దగ్గర మిషన్ ఆగిపోతోంది, సూది విరుగుతోంది

మోటర్‌కి బలం లేదనుకుంటాం కానీ అసలు సంగతి ఫుట్ వాలిపోవడం. నాలుగైదు పొరల మడత ఎక్కేటప్పుడు ఫుట్ ముందు భాగం పైకి లేస్తుంది, వెనక భాగం కిందే ఉంటుంది, పళ్ళకి పట్టు దొరకదు, అక్కడే పిచ్చి పిచ్చిగా చిన్న కుట్లు పడతాయి. ఫుట్ వెనక అదే మందంలో మడిచిన జీన్స్ ముక్కో అట్టముక్కో పెట్టండి, ఫుట్ సమంగా నిలబడుతుంది. ఎక్కే ముందు ఆ మడతని సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే నలిగి పల్చబడుతుంది, మందం మీద పెడల్ వదిలేసి చక్రం చేత్తో తిప్పండి. పాత జీన్స్ జేబుతో బ్యాగు కుడుతుంటే మూలల్లో రివెట్ (చిన్న లోహపు బిళ్ళ) ఉందేమో తడిమి చూసుకోండి. 1873లో పేటెంట్ అయినప్పటి నుంచి అవి ఉన్నదే జేబు చిరగకుండా ఉండటానికి, మీ సూదికి లొంగవు.

లూజ్ షర్ట్‌ని పక్కలు కుట్టి టైట్ చేశాక, చెయ్యెత్తితే షర్ట్ మొత్తం పైకి లేస్తోంది

పాత బట్టలు మార్చేవాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే అని నా అభిప్రాయం. షర్ట్ తిరగేసి పక్కల్లో రెండు కుట్లు లాగేస్తాం, అద్దంలో చేతులు కిందకి వేసుకుని నిలబడితే బ్రహ్మాండంగా ఉంటుంది, పై అరలోంచి ఏదైనా తీయబోతే నడుము బయటపడుతుంది. నడుము దగ్గర బిగువైందనుకుని కుట్టు మళ్ళీ విప్పి వదులు చేస్తారు, ఏమీ మారదు. ఎందుకంటే తప్పు చంకలో ఉంది. పెద్ద షర్ట్‌లో చంక కోత లోతుగా ఉంటుంది, భుజం కుట్టు కూడా మీ భుజం ఎముక దాటి చేతి మీదకి దిగి ఉంటుంది. బట్ట లూజుగా ఉన్నంతసేపూ ఆ లూజే చెయ్యెత్తడానికి సరిపోయేది. పక్కలు బిగించేశాక ఆ లూజు పోయింది, చంక మాత్రం ఇంకా కిందే ఉంది, చెయ్యి లేస్తే చంకతో పాటు పక్క మొత్తం లేస్తుంది.

సరైన పద్ధతి కొంచెం ఓపిక పని. షర్ట్ చేతులు ఊడదీయండి, పక్క కుట్లు విప్పండి. షర్ట్ వేసుకుని భుజం ఎముక చివర చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి. మీకు బాగా సరిపోయే, ఇలాంటి బట్టతోనే కుట్టిన ఇంకో షర్ట్ తీసి, దాని చంక ఆకారాన్ని కుట్టు మార్జిన్ (కుట్టు బయట వదిలే బట్ట) కలుపుకుని దీని మీద గీయండి, ముందువైపు వంపు వెనకకంటే కొంచెం ఎక్కువ లోతుంటుంది, రెండూ ఒకేలా కోసేయొద్దు. చంకని పైకి జరపడానికి బట్ట ఎక్కణ్ణుంచి వస్తుందంటే, పాత చంక వంపు లోపలికి వెళ్ళేకొద్దీ పైకి పోతుంది కదా, కొత్త చంక లోపలికి జరిగింది కాబట్టి అక్కడ పై ఎత్తులో కూడా బట్ట ఉంటుంది. చేతి పైభాగాన్ని కూడా ఆ షర్ట్ చేతిని చూసే గీసుకోండి, చేతి వంపు పొడవు చంక చుట్టుకొలత కంటే 1-2 సెం.మీ. ఎక్కువ ఉంటే చక్కగా కూర్చుంటుంది. ఒక్కటి మర్చిపోవద్దు: భుజం ఎంత లోపలికి జరిగితే చేతులు అంత పొట్టి అవుతాయి. ముందే కొలిచి చూసుకుని, చాలకపోతే ముప్పావు చేతులకి ప్లాన్ చేసుకోండి.

అంత విప్పే ఓపిక లేదా? పక్కల్లోంచి కోసేసిన బట్టలోంచే 8-10 సెం.మీ. చదరపు ముక్కలు రెండు తీసి చంక కింద డైమండ్ ఆకారంలో అతికించండి. చెయ్యి దించినప్పుడు అది లోపల దాక్కుంటుంది, ఎత్తినప్పుడు తెరుచుకుంటుంది. భుజం జారినట్టు ఉండటం మాత్రం దీంతో పోదు.

బిగువైన బట్ట వదులు చేస్తే పాత కుట్టు గీత కనిపిస్తోంది

విప్పే ముందే లోపల ఎక్కడైనా రెండు అంగుళాలు విప్పి చూడండి. కాటన్ అయితే రంధ్రాలు ఉతికి తడిగా ఇస్త్రీ చేస్తే చాలావరకు మూసుకుంటాయి, మడత గీత మొండిగా ఉంటే తెల్ల వెనిగర్‌ని నీళ్ళలో కలిపి తడిపిన గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి, ముందు కనపడని చోట రంగు పోతుందేమో చూసుకోండి. శాటిన్, రెక్సిన్ మీద పడ్డ రంధ్రం ఇక అంతే. గీత పక్కన రంగు వెలిసిపోయి లోపలి బట్ట కొత్తగా కనిపిస్తుంటే ఏ ఇస్త్రీ కూడా దాన్ని దాచదు, దాని మీద లేసో పైపింగో వేసి డిజైన్ అనిపించేయడమే.

లోపల మార్జినే లేకపోతే పక్కల్లో పట్టీ వేయాలి. మొత్తం 8 సెం.మీ. వదులు కావాలంటే ఒక్కోవైపు 4, దానికి రెండు పక్కలా కుట్టుకి చెరో 1 కలిపి 6 సెం.మీ. వెడల్పు పట్టీ. ఆ పట్టీ చంక దగ్గర ఆగిపోకూడదు, చేతి కింద కుట్టులోకి కూడా పోవాలి, లేదంటే ఒళ్ళు వదులై చెయ్యి పట్టేస్తుంది. పట్టీ బట్ట కొత్తదైతే ముందు ఉతికి ఆరేశాకే కోయండి, పాతది ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది, కొత్తది ఇప్పుడు మొదలుపెడుతుంది.

మెడ మళ్ళీ కోశాక సాగిపోయి తెరుచుకుంటోంది

మెడ వంపులో బట్ట క్రాస్‌గా పడుతుంది, క్రాస్ సాగుతుంది, ఎత్తి పట్టుకున్నా సాగుతుంది. అందుకే కోయగానే వేరే పని పెట్టుకోకుండా అంచు నుంచి 7-8 మి.మీ. లోపల ఒక వరస కుట్టు వేసేయండి, రెండు భుజాల నుంచీ మధ్యకి. సాగిపోయాక గుర్తొచ్చిందా? పెద్ద కుట్టు వేసి దారం కొద్దిగా లాగి, ఆవిరి ఇస్త్రీతో నొక్కి దగ్గరికి తెచ్చుకోవచ్చు, కాటన్ వింటుంది, పాలిస్టర్ వినదు. టీషర్ట్ అయితే మెడ పట్టీని మెడ చుట్టుకొలతలో 80-85 శాతమే కోసి సాగదీస్తూ కుట్టండి, ఎంత సాగే బట్టో చూసుకుని అటూ ఇటూ మార్చుకోవచ్చు. టీషర్ట్ అంచులు అలలుగా వస్తే మాత్రం కుట్టేటప్పుడు మీరు లాగారనో ఫుట్ ఒత్తిడి ఎక్కువనో అర్థం, ఒత్తిడి తగ్గించి సన్న జిగ్‌జాగ్ వేయండి, ఉన్న అలలు ఆవిరికి కొంత సర్దుకుంటాయి.

జీన్స్ పొడవు తగ్గిస్తే కొత్త అంచు కొత్తగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది

అసలు అంచు కోసేయకండి. 6 సెం.మీ. తగ్గాలంటే ప్యాంటు కాలుని బయటివైపుకి పైకి మడవండి, పాత అంచు కుట్టు నుంచి మడత దాకా 3 సెం.మీ. ఉండాలి, అంటే తగ్గాల్సినదాంట్లో సగం, అంచు మడత వెడల్పుని ఇందులో కలపొద్దు. ఆ పాత అంచు మడతని ఆనుకుని చుట్టూ కుట్టి, అంచుని కిందకి తిప్పేసి, మిగిలిన బట్టని లోపలికి తోసి ఇస్త్రీ చేస్తే కుట్టు దాదాపు కనపడదు. బెల్‌బాటమ్ రకానికి చుట్టుకొలతలు కుదరవు, దానికి ఇది పెట్టుకోవద్దు.

రెక్సిన్ బ్యాగు కుట్టు వెంటే చిరిగిపోయింది

కుట్లు దగ్గర దగ్గరగా వేశారు, పోస్టల్ స్టాంపు చింపుకునే గీతలా తయారైంది. 3.5 నుంచి 4 మి.మీ. కుట్టు వేయండి, గుండుసూదుల బదులు క్లిప్పులు పెట్టండి, ఫుట్ అతుక్కుపోతుంటే పైన టిష్యూ పేపర్ వేసి కుట్టి చింపేయండి. హ్యాండిల్ ఊడుతుంటే కుట్టు మీద కుట్టు వేయొద్దు, లోపలివైపు ఇంకో గట్టి ముక్క పెట్టి చదరం కుట్టి మధ్యలో క్రాస్ గుర్తు వేయండి. జిప్ మూసినా పళ్ళు విడిపోతుంటే జిప్ మొత్తం మార్చక్కర్లేదు, ఎక్కువసార్లు అరిగేది స్లైడరే, దాని వెనక చివర రెండు పక్కలా ప్లయర్‌తో కొంచెం కొంచెంగా నొక్కి చూడండి, ఒకేసారి గట్టిగా నొక్కితే పగులుతుంది. పళ్ళే ఊడిపోయి ఉంటే మాత్రం కొత్త జిప్ తెచ్చుకోవాల్సిందే.