ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, 5వ పాఠం: పేర్లు రెండు, ఆబ్జెక్ట్ ఒకటే

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నతో మొదలుపెడదాం. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్ తయారవుతున్నప్పుడు నడిచే కోడ్‌లో, మార్క్స్ = మార్క్స్ అని రాస్తే, 60 ఇచ్చినా సున్నా ఎందుకు వస్తోందని అడిగాను. పారామీటర్‌కీ (బయటినుంచి ఇచ్చే విలువ) ఫీల్డ్‌కీ (ఆబ్జెక్ట్ తనలో ఉంచుకునే విలువ) ఒకే పేరు ఉంటే, కన్‌స్ట్రక్టర్ లోపల ఆ పేరు పారామీటర్‌దే. అందులో ఉన్నదాన్ని మళ్ళీ అందులోకే పోశాం. ఫీల్డ్ మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. దిస్.మార్క్స్ = మార్క్స్ అని రాస్తే చాలు, దిస్ అంటే ఈ ఆబ్జెక్ట్. దీని గురించి ఇంతకంటే అక్కర్లేదు.

ఈసారి కంప్యూటర్ కన్నా ముందు ఒక తెల్లకాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. భాష జావానే. కోడ్ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయండి.

స్టూడెంట్ ఎ = న్యూ స్టూడెంట్(60);
స్టూడెంట్ బి = ఎ;
బి.సెట్‌మార్క్స్(85);

ఇప్పుడు ఎ.గెట్‌మార్క్స్() ఎంత? రన్ చేయకుండా కాగితం మీద రాయండి. 60 అని రాసినవాళ్ళే ఎక్కువమంది ఉంటారు. వచ్చేది 85.

బొమ్మ గీద్దాం. కాగితానికి కుడివైపు ఒక పెద్ద పెట్టె గీసి, లోపల 60 అని రాయండి. న్యూ చేసిన పని ఇదే. ఎడమవైపు ఎ అని ఒక చిన్న పెట్టె గీసి, అందులోంచి పెద్ద పెట్టెకి ఒక బాణం వేయండి. ఎ లో ఉన్నది స్టూడెంట్ కాదు, స్టూడెంట్ ఎక్కడున్నాడో చెప్పే అడ్రస్ మాత్రమే. దీన్నే రిఫరెన్స్ అంటాం. రెండో లైనులో బి అనే ఇంకో చిన్న పెట్టె వచ్చింది, ఎ లోని అడ్రస్ అందులోకి కాపీ అయింది. దాని బాణం కూడా అదే పెద్ద పెట్టెకి. మూడో లైను ఆ బాణం వెంట వెళ్ళి 60 కొట్టేసి 85 రాసింది. పెద్ద పెట్టె ఒక్కటే కాబట్టి ఎ వెంట వెళ్ళినా కనిపించేది 85.

ఎన్ని ఆబ్జెక్ట్‌లు ఉన్నాయో తేలాలంటే వేరియబుల్స్ లెక్కపెట్టకండి. న్యూ ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టండి.

ఇంట్, డబుల్, బూలియన్ లాంటి 8 ప్రిమిటివ్ టైపులకు ఈ గొడవ లేదు. వాటి చిన్న పెట్టెలో విలువే ఉంటుంది, కాపీ అయ్యేదీ విలువే. సీ ప్లస్ ప్లస్ నేర్చుకుని వచ్చినవాళ్ళు మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అక్కడ స్టూడెంట్ బి = ఎ అంటే రెండో స్టూడెంట్ నిజంగానే తయారవుతాడు. అదే లైను, అర్థం వేరు.

మొదట్లో ఇంత తికమక లేదు. క్లాస్, ఆబ్జెక్ట్ అనే ఆలోచనకు పుట్టిల్లు సిమ్యులా 67 అనే ప్రోగ్రామింగ్ భాష. నార్వేలోని ఓస్లోలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ దాన్ని తయారుచేశారు. అందులో విలువ ఇవ్వడానికి := అనే గుర్తు, రిఫరెన్స్ ఇవ్వడానికి :- అనే గుర్తు. పనులు రెండు కాబట్టి గుర్తులూ రెండు. 1995లో జావా వచ్చేసరికి రెండింటికీ ఒకే ఈక్వల్స్ మిగిలింది. రాసేవాళ్ళకు సుఖమే, నేర్చుకునేవాళ్ళకే తంటా. నన్నడిగితే పాత పద్ధతే మేలు.

చదువుకునే రోజుల్లో నా మొదటి మినీ ప్రాజెక్ట్‌లో 40 మంది మార్కుల జాబితా ప్రింట్ చేయాలి. రన్ చేస్తే 40 లైన్లూ వచ్చాయి, కానీ నలభైలోనూ ఆఖరి విద్యార్థి పేరే! ఫైల్ తప్పుగా చదువుతున్నానేమో అనుకుని సాయంత్రమంతా ఆ కోడ్‌నే తిప్పి తిప్పి రాశాను. తప్పు అక్కడ లేదు. న్యూ స్టూడెంట్ అన్న లైనును లూప్‌కి పైన రాశాను. న్యూ ఒక్కసారే నడిచింది, ఆ ఒక్క ఆబ్జెక్ట్ అడ్రస్ లిస్ట్‌లోకి 40 సార్లు వెళ్ళింది. ఆ లైనును లూప్ లోపలికి జరిపితే సరిపోయింది.

ఇక వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న.

వాయిడ్ చేంజ్(స్టూడెంట్ ఎస్) {
ఎస్.సెట్‌మార్క్స్(90);
ఎస్ = న్యూ స్టూడెంట్(10);
}

చేంజ్(ఎ) అని పిలిచాక ఎ మార్కులు ఎన్ని? బొమ్మలో ఎస్ అని మూడో చిన్న పెట్టె వేయండి. ఎ లోని అడ్రస్ దానిలోకి కాపీ అయింది. మొదటి లైను ఆ బాణం వెంట వెళ్ళి 90 రాసింది. రెండో లైను ఎస్ బాణాన్ని కొత్త పెట్టె వైపు తిప్పింది. ఎ బాణాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి జవాబు 90. జావా ఆబ్జెక్ట్‌లను పాస్ బై రిఫరెన్స్ చేస్తుందా, అంటే కాపీ కాకుండా ఎ అనే చిన్న పెట్టెనే మెథడ్‌కి అప్పగిస్తుందా అని అడిగితే కాదనండి. ఎప్పుడూ పాస్ బై వాల్యూయే, అంటే పెట్టెలో ఉన్నదాని కాపీయే వెళ్తుంది; ఇక్కడ వెళ్ళే ఆ వాల్యూ ఒక అడ్రస్.

చిన్న పెట్టెలో ఏ అడ్రసూ లేకపోతే అది నల్. అలాంటిదాని మీద మెథడ్ పిలిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది.

రెండు ఈక్వల్స్ కలిపిన == పోల్చేది చిన్న పెట్టెల్నే. విడివిడిగా న్యూ స్టూడెంట్(60) అని రెండుసార్లు రాసి == తో పోలిస్తే ఫాల్స్ వస్తుంది. ఈక్వల్స్ మెథడ్ వాడితే ట్రూ వస్తుందని చాలామంది ధీమాగా చెబుతారు. రాదు. మన క్లాస్‌లో ఆ మెథడ్‌ని మనం రాయనంతవరకూ అది చేసేదీ == పనే. అక్షరాల వరుసను దాచే స్ట్రింగ్ క్లాస్‌లో ముందే రాసిపెట్టారు కాబట్టి అక్కడ పనిచేస్తుంది. మన స్టూడెంట్‌కి 6వ పాఠంలో రాద్దాం.

అందాకా ఇది రన్ చేసి చూడండి.

ఇంటీజర్ పి = 127; ఇంటీజర్ క్యూ = 127;

పి == క్యూ అంటే ట్రూ వస్తుంది. రెండు చోట్లా 128 పెట్టండి, ఫాల్స్. ఇంటీజర్ అంటే ఇంట్ కాదు, ఆబ్జెక్టే. ఈ రెండు లైన్లలో న్యూ ఎక్కడా కనిపించదు. మరి ఎన్ని పెద్ద పెట్టెలు గీయాలి? 127కి ఒక బొమ్మ, 128కి ఒక బొమ్మ గీసి ఉంచుకోండి.