పక్కవాళ్ల పండుగలు, మాటలు పిల్లలతో కలిసి నేర్చుకోవడం ఎలా?

తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం. తిరుపతి బస్టాండులో పసుపు బట్టలు కట్టుకుని గోవిందలు పెడుతున్న తమిళ భక్తుల్ని చూసి, ఆరేళ్ల మా పాప గట్టిగా అడిగింది: "నాన్నా, వాళ్లందరూ ఈ నెల్లోనే ఎందుకొస్తారు?" ఊరుకోమని అనబోయి ఆగాను. పుట్టి పెరిగిన ఊళ్లో ఏటా చూసే జనమే, అయినా నాకూ జవాబు తెలీదు. పక్కన కూర్చున్న పెద్దావిడను అడిగితే, పెరటాసి వాళ్లకు పెరుమాళ్ల నెల అనీ, శనివారాలు ఉపవాసం ఉంటామనీ విడమరిచి చెప్పింది. అప్పటి నుంచి ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఇలా చేయండి.

ముందు బస్సు బోర్డులు చదవండి. తమిళనాడు, కర్ణాటక బస్సులు మన ఊరికి రోజూ వస్తాయి. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలు కన్నడ బోర్డును సగం చదివేస్తారు, రెండు లిపులకూ మూలం ఒకటే కాబట్టి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ఇది తెలిశాక మా పాపకు బోర్డులు చదవడం ఆటైపోయింది.

తర్వాత ఒక్కో భాషలో ఒక్క పలకరింపు చాలు. మనం "తిన్నారా?" అంటాం, తమిళులు "సాప్టీంగళా?" అంటారు, కన్నడిగులు "ఊట ఆయ్తా?" అంటారు. ముగ్గురం అడిగేది అన్నం సంగతే. "అక్కా" అనే పిలుపైతే మూడు భాషల్లోనూ చెల్లుతుంది.

అసలు చదువు వంటింట్లో ఉంది. మా పక్కింటి అక్కది కోలారు వైపు. ఆమె రాగి ముద్ద చేస్తుంటే చూడ్డానికి పాపను తీసుకెళ్లాను. మనం సంగటిలో బియ్యం వేసి ఉడికిస్తాం కదా, ఆమె ఉత్త రాగిపిండితోనే చేసింది. మరుగుతున్న నీళ్లలో పిండి పోసి, కాసేపు కదపకుండా వదిలి, ఆ తర్వాత గిన్నెను కాళ్లతో అదిమిపట్టి కట్టెతో గెలికింది. తడి చేత్తో ముద్ద చేసి పాప పళ్లెంలో పెట్టి, "నమలొద్దు, సారులో ముంచి మింగు" అంది. మర్నాడు మేము సంగటి, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) తీసుకెళ్లి ఇచ్చాం. ఇలా వెళ్లేముందు ఎప్పుడు వీలవుతుందో తప్పకుండా అడగండి, ఉత్త చేతుల్తో వెళ్లకండి. "మీరు ఇలా ఎందుకు చేస్తారు?" అంటే నిలదీసినట్టుంటుంది. "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎలా చేసేవాళ్లు?" అని అడిగితే ఎవరైనా ఇష్టంగా చెబుతారు.

పండుగలకు గోడ క్యాలెండర్ వాడండి. రంజాన్ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు ఎందుకు జరుగుతుందో పిల్లలు అడుగుతారు. చంద్రుణ్ణి బట్టి లెక్కేసే ఆ ఏడాదికి 354 రోజులే అని చెప్పండి. మన ఉగాదికీ చంద్రుడే లెక్క, కానీ అధికమాసం కలుపుతాం కాబట్టి మార్చి, ఏప్రిల్ దాటి పోదు. తమిళుల కొత్త సంవత్సరానికి సూర్యుడు లెక్క, అందుకే ఏప్రిల్ 14 ప్రాంతంలోనే వస్తుంది. ఇఫ్తార్‌కు పిలిస్తే సూర్యాస్తమయానికి ముందే వెళ్లండి. ముందుగా ఖర్జూరం తిని ఉపవాసం విడవడం పిల్లలు దగ్గరుండి చూడాలి.

ఇక ఇంట్లో మన నోరు. "అరవోళ్లు" అని వెక్కిరింపుగా అనేది మనమే, పిల్లలు దాన్ని అలాగే పట్టుకుంటారు. మా ఇంట్లో ఆ మాట మానేశాం. అలవాటు పోవడానికి నాకు నెలలు పట్టింది.

మనదీ చూపించాలి. మే నెలలో గంగమ్మ జాతరకు పక్కింటివాళ్లను పిలవండి. మగవాళ్లు చీరలు కట్టి వేషాలు ఎందుకు వేస్తారో, ఆడవాళ్లను వేధించిన పాలెగాణ్ణి గంగమ్మ మారువేషాల్లో తిరిగి ఎలా పట్టుకుందో పాపనే చెప్పనిచ్చాను. మధ్యలో కథ తప్పింది. కోలారు అక్క "మా ఊళ్లో జాతర ఇట్లా కాదు" అంటూ తనది అందుకుంది.