సోలార్ ప్యానెల్ వాలు ఎంత ఉండాలి? టేపు తీసుకుని మేడెక్కండి

సోలార్ పెట్టించుకునేటప్పుడు ఎన్ని కిలోవాట్లు, ఎన్నేళ్ల వారంటీ, సబ్సిడీ ఎంత అని అన్నీ అడుగుతాం, ప్యానెల్‌ని ఎంత వాలుగా పెడుతున్నారని మాత్రం అడగం. నేనూ అడగలేదు. వచ్చినవాళ్లు తమ దగ్గరున్న స్టాండు కాళ్లే బిగించి వెళ్లిపోయారు. మూడు నెలలయ్యాక చూస్తే ప్రతి ప్యానెల్ కింది అంచునా వేలెడు వెడల్పున మట్టి చార, వాన నీళ్లు జారిపోక ఫ్రేమ్ దగ్గరే నిలిచి, ఎండి, అట్టకట్టేసింది. కొలిస్తే వాలు 5 డిగ్రీలే.

మన దగ్గర లెక్క తేలిక. మీ ఊరి అక్షాంశం ఎంతో దాదాపు అంత వాలు, ముఖం దక్షిణానికి. తిరుపతికి 13.6, విజయవాడకి 16.5, హైదరాబాద్‌కి 17.4, ఆదిలాబాద్‌కి 19.7. ఢిల్లీ వాళ్ల వీడియో చూసి 28 పెట్టించేయకండి, అది వాళ్ల ఊరి లెక్క. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఏడాది మొత్తం యూనిట్లలో పెద్ద తేడా రాదు, టెన్షన్ వద్దు. కానీ 10 కంటే తగ్గనివ్వకండి, దుమ్ము వానకి కొట్టుకుపోవాలంటే ఆ మాత్రం వాలు కావాలి.

ఇప్పుడు టేపు. వాలు వెంబడి ప్యానెల్ పొడవు కొలిచి హైదరాబాద్‌లో అయితే 0.3తో, తిరుపతిలో 0.24తో, ఆదిలాబాద్‌లో 0.34తో గుణించండి. వచ్చినంత ఎత్తు వెనక అంచు, ముందు అంచు కంటే పైన ఉండాలి. 540 వాట్ల ప్యానెల్ సాధారణంగా 228 సెం.మీ. ఉంటుంది, అంటే హైదరాబాద్‌లో సుమారు 68 సెం.మీ. మా ఇంట్లో ఉన్నది 20. ఒక్క జాగ్రత్త, ఎత్తుని స్లాబు మీంచి కొలవకండి, నీళ్లు పోవడానికి స్లాబుకే వాటం ఉంటుంది. తాపీ మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన పైపు) కొలిస్తే తప్పు రాదు.

దక్షిణం కోసం ఫోన్ దిక్సూచిని ఇనుప స్ట్రక్చర్ పక్కన నమ్మొద్దు. కర్ర నిలువుగా నిలబెట్టి, హైదరాబాద్‌లో అయితే 12 నుంచి 12.30 దాకా, ఐదేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. కర్ర మొదలు నుంచి అన్నిటికన్నా పొట్టి నీడ గుర్తు దాకా గీసిన గీతే ఉత్తర దక్షిణాలు. చలికాలంలో చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

మే 9 నుంచి ఆగస్టు 3 దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు, అప్పుడు దక్షిణం వాలు నష్టమేగా అని కొందరి అనుమానం. నష్టం కొంచెమే, దాన్ని చలికాలం పూడ్చేస్తుంది. పొలంలో బోరు మోటారుకి పెట్టిన ప్యానెళ్లయితే వేరు, నీళ్లు ఎక్కువ కావాల్సింది ఎండాకాలంలోనే కాబట్టి కాళ్లకి రెండో రంధ్రం వేయించుకుని మార్చి నెలాఖరుకి వాలు తగ్గించండి.

వాలు పెంచితే వెనక వరస మీద నీడ పడుతుంది, అది అసలు నష్టం. 68 సెం.మీ. ఎత్తుకి వరసల మధ్య కనీసం 80 సెం.మీ. వదలండి. విశాఖ, కాకినాడ లాంటి తుఫాను తీరాల్లో మాత్రం నేనైతే 10, 12 డిగ్రీల దగ్గరే ఆపేసి, మిగిలిన డబ్బు స్టాండుని స్లాబుకి బిగించే యాంకర్ బోల్టుల మీద పెడతాను.